దుబాయి మీదుగా ఒడిబియ్యం

నా చిన్న బిడ్డకు పెళ్లయిన చాలా ఏళ్లకు కడుపు పండింది. ఆ మాట ఫోన్లో విన్న రోజు, పొయ్యి మీద పాలు పెట్టిన సంగతే మరిచిపోయాను. పాలన్నీ పొంగి గట్టంతా పారాయి. నా కాపురంలో నా కళ్ల ముందు పాలు వృథా కావడం అదొక్కసారే. మా ఆయన మాడు వాసనకు లేచి వచ్చి గట్టును చూశాడు, నన్ను చూశాడు.

"ఏందే, నువ్వు పాలు పారవోసినవంటే ఏదో పెద్ద ముచ్చటే ఉంటది, చెప్పు" అన్నాడు.

బిడ్డా అల్లుడూ ఉండేది ఆఫ్రికాలోని జాంబియా దేశంలో. అల్లుడు మా గోదావరిఖని పిల్లవాడే. ఇక్కడి ఓపెన్‌కాస్టులో బొగ్గు తవ్వేచోట కాంట్రాక్టు పనిలో పెద్ద పెద్ద యంత్రాలు బాగుచేయడం నేర్చుకున్నాడు. అక్కడ కూడా ఒక బొగ్గు గనిలో అదే పనికి కుదిరాడు. తొలి కాన్పు కనుక బిడ్డ ఏడో నెలలో మా ఇంటికి రావాలి. అన్నీ అనుకున్నాక బీపీ ఎక్కువైంది. అక్కడి డాక్టరమ్మ విమానం ఎక్కడానికి వీల్లేదని చెప్పింది.

"నేను రాలేను, నువ్వే రా అమ్మా" అని బిడ్డ ఏడ్చింది.

ఏడిస్తే నాకు కోపం వస్తుంది. "ఏడ్వకు. ఏడిస్తె బీపీ తగ్గుతదా? వస్త తియ్" అన్నాను. అనడమైతే అన్నాను. అంతవరకు నేను రామగుండం స్టేషన్లో రైలెక్కి హైదరాబాదు దాకా పోవడమే గొప్ప. చదివింది మూడో తరగతి. తెలుగైతే కూడబలుక్కుని చదువుతాను, ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. మా ఆయన తోడు రాలేడు. బొగ్గు బాయిలో దిగి పనిచేసిన మనిషి. ఆ దుమ్మంతా ఛాతీలో కూర్చుంది, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడతాడు. పెద్దకొడుక్కి డంపర్ మీద డ్యూటీ. పాస్‌పోర్టు నా చేతికి వచ్చేసరికి బిడ్డకు ఎనిమిదో నెల నడుస్తోంది. కాన్పు గడియకు తల్లిగా నేను దాని తలాపున ఉండాలి. నాకు కావలసింది అదొక్కటే.

చౌరస్తా దగ్గర టికెట్లు చేసే ఆయన దగ్గరికి కొడుకు నన్ను తీసుకెళ్లాడు.

"రెండు తీర్లున్నయి అవ్వా" అన్నాడాయన. "ఒకటి హైదరాబాద్ నుంచి ఆఖరిదాకా ఒక్కటే టికెట్. ఇంకోటి రెండు ముక్కలు. దుబాయి దాకా ఒక కంపెనీ విమానం, ఆడికెల్లి ఇంకో కంపెనీది. ముక్కలది తక్కువ పడతది. కాని..."

"తక్కువదే రాయి" అని లేచాను.

"అమ్మా, జర ఆగు" అన్నాడు కొడుకు.

"ఆగేదేముంది? ఎట్లైనా దుబాయిల దిగుడే, ఎక్కుడే. కరీంనగర్‌ల బస్సు మారినట్టే గద."

రేపు పైసలు కడితే చాలు, సీటు ఆపి పెడతానన్నాడు ఆ టికెట్లాయన. సాయంత్రం బిడ్డకు ఫోన్ చేసి, ఎంత తక్కువలో అయిపోయిందో గొప్పగా చెప్పాను.

"అమ్మా, టికెట్ ఒకటా, రెండా?"

"రెండు ముక్కలు."

"అయ్యో! రెండైతే నీ సామాను దుబాయిల బయటికొస్తది. అది తీసుకోవాలంటే నువ్వు గూడ బయటికి పోవాలె. బయటికి పోవుడంటే వాళ్ల దేశంలకు పోయినట్టే. దానికి వీసా కావాలె. అది లేకుంటె నువ్వు లోపట, నీ సంచులు బయట. రెండో విమానం నిన్ను ఇడిచిపెట్టి పోతది."

"ఒక్క టికెట్ అయితే?"

"సంచులు హైదరాబాదుల ఇస్తివా, మళ్ల మా దగ్గర్నే తీసుకునుడు. నువ్వు దుబాయిల గడప దాటవ్. లోపట్నే ఒక గేటు నుంచి ఇంకో గేటుకు నడుస్తవ్. ఆడ వీసా అక్కర లేదు."

మా ఆయన మంచం మీద కూర్చుని అంతా విన్నాడు. "బాయిల గూడ అంతేనే" అన్నాడు. "ల్యాంపు రూముల బిళ్ల, దీపం తీసుకుని దిగుతం. ఒక్క బిళ్ల మీద దిగినోడు ఆ బిళ్ల మీదనే ఎక్కాలె. నడుమ బిళ్ల మార్చుకుంటె, వాడు లోపట ఉన్నడా బయట ఉన్నడా ఎవనికి తెలుస్తది?"

ఆయన అలా చెబితే నాకు అర్థమైంది. షిఫ్టు దిగాక ఆయన ఆ ఇత్తడి బిళ్లను తిరిగి పలక మీద తగిలించాడంటే ఆ పూటకు ప్రాణంతో ఇంటికి వస్తున్నట్టే. ఆలస్యమైన రోజుల్లో మా వాడకట్టు ఆడవాళ్లం ఒకరినొకరం అడిగే మాట అదే: "మీ ఆయన బిళ్ల ఇచ్చిండా?"

తెల్లారి నేనే ముందు నడిచి టికెట్లాయన ముందు కూర్చున్నాను. "తక్కువ అన్నవ్ గాని తక్కువెందుకో చెప్పలేదేంది?" అని నిలదీశాను.

"నువ్వు చెప్పనిస్తివా అవ్వా? 'తక్కువ' అనంగనే కుర్చీలకెల్లి లేస్తివి" అన్నాడు. నా కొడుకు మొహం అటు తిప్పుకుని నవ్వాడు. ఒక్కటే టికెట్ రాయించాను. జాంబియా వీసా కాగితం, తిరుగు టికెట్, నా బీపీ గోలీల మీద డాక్టర్ రాసిచ్చిన చీటీ, అన్నీ ఒక కవరులో పెట్టించాను. దారిలో ఎక్కడ అడిగినా చూపించాలన్నాడు.

అప్పుడు సామాను సర్దడం మొదలైంది. మా ఆయన పాత ఖాకీ ప్యాంట్లను విప్పి కుట్టిన సంచి నాకు ఒకటి ఉంది. బట్ట ఇనుములాంటిది. దాన్ని చేతి సంచిగా పెట్టుకున్నాను. బాలింతకు పెట్టడానికి కాయం దంచాను. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము వేయించి దంచి, గసగసాలు కూడా కలిపాను. గసగసాలు పడితే బాలింతకు నిద్ర పడుతుందని మా అమ్మ చెప్పేది. దానితోపాటు కుడుకలు, బెల్లం పెట్టాను.

బయలుదేరడానికి ముందురోజు మా ఆయన నన్ను పిలిచి, "సంచులన్నీ ఇటు తే. బోర్లించు" అన్నాడు.

"ఎందుకు? నిన్ననే కట్టిన."

"ముప్పై ఏండ్లు నా జేబులు ఎవరు బోర్లించిన్రు?"

సంచులు తెచ్చి ఆయన ముందు బోర్లించాను. బాయి మూతి దగ్గర దిగేవాళ్లందరి జేబులు తడిమి చూస్తారు. బీడీ గానీ అగ్గిపెట్టె గానీ దొరికితే దిగనివ్వరు. లోపల గ్యాసు ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకని ఆయన డ్యూటీకి బయలుదేరేముందు గడపలో నిలబెట్టి, చొక్కా జేబులు, ప్యాంటు జేబులు నేనే బోర్లించేదాన్ని. ఇప్పుడు ఆయన వంతు. ఆయన మంచం మీద కూర్చుని ఒక్కొక్క వస్తువు చేతికి అందుకుంటుంటే, కొడుకు ఫోన్లో చూసి చెబుతున్నాడు.

"కుడుకలు తియ్యమ్మా. ఎండుకొబ్బరికి నూనె ఉంటది, అంటుకుంటదట. విమానంల రానియ్యరు."

కుడుకలు తీసేశాను. నూనె మంటకు అంటుకుంటుందంటే నాకు నచ్చజెప్పాల్సిన పని లేదు.

"కాయంల ఏమేసినవ్?"

చెప్పాను. గసగసాలు అనగానే వాడి మొహం మారింది. "దుబాయిల గసాలకు జైలు అమ్మా. వాళ్ల లెక్కల అది మత్తుమందు."

నాకు కాలింది. "మనం కూరలల్ల ఏసుకునేది మత్తుమందా? అయినా నేను ఆ దేశంల అడుగే పెట్టనంటిరి గద. గడప దాటను, వీసా అక్కర లేదు. మరి నా సంచితోటి వాళ్లకేం పని?"

కొడుకు ఏదో అనబోయాడు. వాళ్ల బాపు చేత్తో ఆపాడు.

"బాయి చూసి పోనీకి పెద్ద ఆఫీసర్ ఒక గంట కోసం వస్తడు. తట్ట పట్టడు, చెమ్మస్ పార పట్టడు. ఆయన జేబులు చూడరా? చూస్తరు. పనికి దిగుతున్నవా, చూసి ఎక్కుతున్నవా అని అడగరు. దిగినోళ్లందరికీ ఒక్కటే తనిఖీ" అన్నాడు. ఊపిరి పీల్చుకుని మళ్లీ అన్నాడు. "మాతోటి ఒకడు చెవి మీద బీడీ ముక్క మర్చిపోయి వచ్చిండు. నేను ముట్టియ్యలేదు గద సారూ అని కాళ్లు మొక్కిండు. ముట్టియ్యలేదు నిజమే. ఉన్నది గూడ నిజమే గద. ఇంటికి పంపిన్రు. నిన్ను గట్ల నడుమల ఆపితే, ఈడ నేను, ఆడ బిడ్డ, ఏం చెయ్యాలె?"

నేను కాయం డబ్బా తీసుకుని వంటింట్లోకి పోయాను. పాతది దాచి పెట్టి, మిగతా దినుసులతో మళ్లీ దంచాను. గసగసాలు లేని కాయం చప్పగా అనిపించింది. రోలు చప్పుడు విని పక్క క్వార్టర్ ఆవిడ వచ్చి గడపలో నిలబడింది. గుంటూరు వైపు వాళ్లు. భర్త ఇక్కడ ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ఇక్కడే ఇన్నేళ్లు ఉన్నా మాట మాత్రం ఇంకా అటువైపుదే.

"అదేంటండీ వదినగారూ, గసగసాలు లేకుండా బాలింతకు కాయమా? పిల్ల పడుకోవద్దూ?"

"పోలీసోళ్లు పట్టుకుంటరట. ఏం చెయ్యాలె?"

"చిటికెడు తీసుకెళ్తే ఎవరు చూడొచ్చారు?"

"నేను చూసిన. చాలదా?" అన్నాను. ఆవిడ నవ్వి ఊరుకుంది.

బయలుదేరే పొద్దున ఒడిబియ్యం కట్టాం. ఒడి నింపడానికి బిడ్డ ఇక్కడ లేదు కాబట్టి, పసుపు కలిపిన బియ్యం మూటకట్టి నేనే పట్టుకుపోయి దాని ఒడిలో పోయాలనుకున్నాను. మా వాడకట్టు ముత్తైదువలు వచ్చి కొత్త రైకబట్టలో తలా పిడికెడు బియ్యం వేశారు. పసుపుకొమ్ములు, పోకలు, ఖర్జూరాలు పెట్టారు. కుడుక లేని ఒడి ఏమిటని ఒకామె గొణిగితే, "విమానం అంటుకుంటె నువ్వొచ్చి ఆర్పుతవా?" అన్నాను. చివర పక్క క్వార్టర్ ఆవిడ వేసి, తనే గట్టిగా ముడివేసింది.

"కాయం సంగతి బెంగపెట్టుకోకండి వదినగారూ. అమ్మాయికి ఏ లోటూ రాదు" అంది. దీవెన అనుకున్నాను.

మా ఆయన గడపలో నిలబడి ఉన్నాడు. "అది గూడ విప్పి చూస్తివా?" అన్నాడు.

"ఒడిబియ్యం మూట కట్టినంక బిడ్డ ఒడిల్నే విప్పాలె. నడుమ విప్పుతరా ఎవరన్న?" అని విదిలించాను. నడుమ విప్పితే బిడ్డకు మంచిది కాదని మా అమ్మ, మా అత్త ఇద్దరూ చెప్పారు. ఎనిమిదో నెల నిండిన బిడ్డ విషయంలో ఆ మాట ఎలా దాటుతాను?

హైదరాబాదు విమానాశ్రయంలో పెద్ద సంచులు తీసుకుని, ఆఖరి ఊరి పేరు రాసిన పట్టీ అంటించారు. "అమ్మా, ఇవి మళ్లీ లుసాకాలోనే కనబడతాయి" అంది కౌంటరులో పిల్ల. రెండు విమానాలకూ బోర్డింగు కాగితాలు అక్కడే ఇచ్చింది. చేతి సంచి మిషన్లో పోయింది. ఒడి మూటను ఒకతను చేత్తో నొక్కి చూసి ఇచ్చేశాడు. ఇంకేముంది, అంతా అయిపోయిందనుకున్నాను.

విమానంలో నా పక్కన జగిత్యాల దిక్కు మనిషి కూర్చుంది. నలభై ఉంటాయేమో. దుబాయిలో ఒక అరబ్బు ఇంట్లో వంట చేస్తుందట, సెలవు అయిపోయి మళ్లీ పోతోంది. నా నడుముకు బెల్టు పెట్టింది తనే. నేను ఒడి మూటను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకోవడం చూసింది.

"అదేంది పెద్దమ్మా, గంత గట్టిగ పట్టుకున్నవ్? బంగారమా?"

"ఒడిబియ్యం. బిడ్డ నిండు చూలాలు."

"అట్లనా! సల్లగుండాలె. అండ్ల ఏమేమున్నయ్?"

చెప్పాను. వాడకట్టు వాళ్లు తలా పిడికెడు వేశారని కూడా చెప్పాను.

"అందరు ఏసినదీ నువ్వు చూసినవా?"

"మా వాడకట్టోళ్లే గద."

"వాళ్లు మంచోళ్లే పెద్దమ్మా. నేను ఒడి మీద మాట అంటలేను. మా దిక్కు ఒకామె సంచిల వాళ్లత్త మసాల పొట్లం పెట్టింది, ప్రేమతోనే. దుబాయిల దిగినంక ఆ పొట్లంల గసాలు తేలినయి. పాపం, ఎన్ని తిప్పలు పడ్డదో. నువ్వు బయటికి పోకున్నా, నడుమ మళ్ల ఒక మిషన్ ఉంటది. నీ సంచి అండ్లకెల్లే పోతది."

'అమ్మాయికి ఏ లోటూ రాదు' అన్న మాట అప్పుడు నా చెవిలో మోగింది. దీవెనలో కాయం సంగతి ఎందుకు వచ్చింది? చేతిలో మూట ఒక్కసారిగా బరువెక్కింది. విప్పితే బిడ్డకేమవుతుందో అని భయం. విప్పకపోతే నేను దుబాయిలో ఎక్కడ కూర్చుంటానో అని భయం. ఇంట్లో గడపలో నిలబడ్డ మా ఆయన మొహం కనబడింది. ఆయన జేబులు బోర్లించేటప్పుడు అప్పుడప్పుడు విసుక్కునేవాడు, "నా మీద నమ్మకం లేదా" అని. నమ్మకం ఉంది కనుకనే బోర్లిస్తున్నానని చెప్పేదాన్ని. నాకు కావలసింది ఆయన తిరిగి రావడం. ఇప్పుడు నేను పోయి చేరడం కావాలి.

"ఆ బల్ల కిందికి దించు బిడ్డా" అన్నాను. ముందు సీటుకున్న చిన్న బల్లను ఆమె దించింది. దేవుడికి దండం పెట్టుకుని ముడి విప్పాను.

పసుపు బియ్యం మధ్యలో పేపరు పొట్లం ఉంది. చిన్నది. విప్పి చూడక్కర్లేకుండానే వేళ్లకు తెలిసింది. ఇసుక కన్నా సన్నగా, జారుతూ ఉండే ఆ గింజలు ఏవో ఏ ఆడదానికి తెలియదు? పొట్లం ఒక మూల చిరిగి కొన్ని బియ్యంలోకి రాలాయి కూడా.

"దాచి పారెయ్యొద్దు" అంది జగిత్యాల మనిషి. "ఆ విమానం పిల్లకు చెప్పి ఇయ్యి." ఆమే చెయ్యెత్తి పిలిచి, హిందీలో చెప్పింది. ఆ పిల్ల పొట్లం చూసి తల ఊపి, చెత్త సంచిలో వేసుకుని పోయింది. కోప్పడలేదు. ఇలాంటివి చాలా చూసినట్టుంది.

తరువాత మేమిద్దరం ఆ చిన్న బల్ల మీద బియ్యం ఏరాం. రాళ్లు ఏరినట్టే, కాకపోతే ఈసారి రాళ్ల కన్నా సన్నని గింజలు. పిడికెడు పిడికెడు అరచేతిలో పరిచి, ఊదీ ఊదీ చూసి, ఆమె కొంగులోకి పోశాం. రైకబట్ట దులిపి, మడతలన్నీ చూశాం. అవతలి సీటాయన పాటలు వినేందుకు చెవులకు పెట్టుకున్నవి తీసి మరీ మమ్మల్ని చూశాడు. "ఏంది చూస్తున్నవ్, మీ ఇంట్ల ఏరరా?" అన్నాను. ఆయనకు తెలుగు రాదు. నవ్వాడు. జగిత్యాల మనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

బియ్యం మళ్లీ బట్టలోకి వచ్చేసరికి విమానం కిందికి దిగుతోంది. చెవులు మూసుకుపోయాయి, సీటు ఊగుతోంది. ముడి పడడం లేదు.

"నువ్వు కట్టు బిడ్డా" అన్నాను.

ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. "నేను కట్టరాదు పెద్దమ్మా. మా ఆయన పోయిండు. ఇద్దరు ఆడపిల్లలు, అందుకనే ఈ వంటపనికి వస్తున్న. ఒడి మూట నేనెట్ల ముట్టుకుంట?"

నేను ఆమె చేతుల వైపు చూశాను. వేళ్ల కొసలు ఇంకా పసుపుగా ఉన్నాయి. ఇంతసేపూ నా బిడ్డ బియ్యం గింజా గింజా ఏరింది ఆ చేతులే. నేను అడగకముందే నా బెల్టు పెట్టింది, నన్ను తనిఖీ చేసింది.

"ఏరంగ లేనిది కట్టంగ వచ్చిందా? కట్టు. గట్టిగ కట్టు" అన్నాను, నా కొడుకుతో మాట్లాడినట్టే.

ఆమె కట్టింది. పళ్లతో కొస పట్టి లాగి మరీ కట్టింది. కట్టాక కళ్లు తుడుచుకుంది. నేను చూడనట్టు కిటికీ వైపు తిరిగాను.

దుబాయిలో దిగాక నేను ఆమె కొంగు వదలలేదు. ఆమె ఎటు పోతే అటే నడిచాను. ఒకచోట దారి రెండుగా చీలింది. ఆమె ఆగి నన్ను ఆపింది.

"ఇక నువ్వు నా వెంబడి రావొద్దు పెద్దమ్మా. నేను పోయేది బయటికి. నాకు వీసా ఉంది. నీకు లేదు. నువ్వు ఇటు దిక్కు, విమానం మారెటోళ్ల దిక్కు పో. బయటికి పోయే లైన్ల నిలబడితె మళ్ల నీకు వాపస్ తిప్పలు."

"నీ పేరు..." అని అడగబోయాను. అప్పటికే ఆమె వెనక జనం తోసుకుంటున్నారు. "బిడ్డ పుట్టినంక నన్ను తలుసుకో, చాలు!" అని అరిచి వెళ్లిపోయింది.

విమానం మారేవాళ్ల వైపు ఒంటరిగా నడిచాను. మిషన్ వచ్చింది. ఖాకీ సంచి, దాని మీద ఒడి మూట పెట్టాను. మూట లోపలికి పోయి ఆగింది. అక్కడ కూర్చున్న అతను వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు. మూట బయటికి తీసి నా ముందు పెట్టాడు.

"మా జీ, ఇస్‌మే క్యా హై?"

మా గోదావరిఖనిలో అన్ని రాష్ట్రాల వాళ్లూ పనికి వచ్చారు. నాలుగు ముక్కల ఉర్దూ నాకూ వచ్చు. "చావల్ హై. బేటీకే వాస్తే" అన్నాను, బియ్యమని, బిడ్డ కోసమని.

"ఖస్‌ఖస్ తో నహీ?" గసగసాలు లేవు గదా అని.

"నహీ. ఖోల్‌కే దేఖీ, ఫిర్ లాయీ" అన్నాను, అతని కళ్లలోకి చూసి. విప్పి చూసి మరీ తెచ్చాను అని. ఆ మాట అనగలిగినందుకు నా గుండె ఎంత నిమ్మళంగా ఉందో! అదే మాట ఆ ముడి విప్పకముందు అడిగి ఉంటే ఏం చెప్పేదాన్ని? అతను మూటను ఒక బట్టముక్కతో తుడిచి, దాన్ని ఇంకో మిషన్లో పెట్టి చూశాడు. ముడి మీద చెయ్యి వేశాడు, గట్టిగా ఉన్నట్టుంది. వదిలేసి, "జాయీయే" అని చేత్తో పొమ్మన్నాడు.

రెండో గేటు దగ్గర కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టె తిన్నాను. అక్కడ నీళ్ల సీసా అమ్మే ధర విని, నల్లా ఎక్కడుందో చీపురు పట్టిన అమ్మాయిని అడిగి, ఖాళీ సీసా నింపుకున్నాను.

లుసాకాలో దిగాక కస్టమ్స్ దగ్గర లావుపాటి అధికారిణి ఉంది. అడగకముందే మూట తీసి ఆమె బల్ల మీద పెట్టాను. కాయం డబ్బా కూడా పెట్టాను. ఆమె ముడి సందులోంచి రెండు గింజలు లాగి, వాసన చూసి, చేతులతో ఏమిటిది అని అడిగింది. నేను నా పొట్ట ముందు చెయ్యి గుండ్రంగా తిప్పి, ఒడిలో బియ్యం పోస్తున్నట్టు చూపించాను. ఆమె గట్టిగా నవ్వి, తన పొట్ట కూడా అలాగే చూపించి, మూట నా చేతిలో పెట్టింది. పెద్ద సంచులు, ఆ పిల్ల చెప్పినట్టే, అక్కడ పట్టీ మీద తిరుగుతూ కనబడ్డాయి.

బయట అల్లుడు నిలబడి ఉన్నాడు. "అత్తమ్మా, మామయ్యకు ఫోన్ చెయ్యి ముందు. పొద్దట్నుంచి నన్ను సతాయిస్తున్నడు" అని ఫోన్ కలిపి ఇచ్చాడు.

మా ఆయన హలో అనలేదు. "బిళ్ల ఇచ్చినవా?" అన్నాడు.

ఎన్నేళ్లు ఆ మాట అడుగుతూ గడపలో కూర్చున్నాను! ఆయన కూడా అలా కూర్చుంటాడని నాకెప్పుడూ తోచలేదు. "ఇచ్చిన. ఇగ లేచి అన్నం తిను" అన్నాను.

బిడ్డను పీట మీద కూర్చోబెట్టాను. దాని ఒడిలో కడుపే తప్ప ఖాళీ లేదు. మూట చేతికిస్తే ముడి విప్పబోయింది. రాలేదు. అల్లుడు కత్తెర తెస్తానన్నాడు. వద్దన్నాను.

"ఎవరు కట్టిన్రే అమ్మా ఈ ముడి? ఊడొస్తలేదు."

చెప్పనా వద్దా అనుకున్నాను. తరువాత అంతా చెప్పాను. పొట్లం, బల్ల మీద బియ్యం ఏరడం, ఆమె భర్త లేకపోవడం, నేనే కట్టమనడం. బిడ్డ వింటూ వింటూ ముడి మీద వేళ్లు ఆపేసింది. ఒడి మూట ఆమెతో ఎందుకు కట్టించావంటుందేమో అనుకున్నాను.

"ఆమెను గూడ రమ్మనకపోతివి" అంది. అని, మళ్లీ ముడి పట్టుకుంది. కొంచెం కొంచెంగా వదులు చేసి విప్పింది. బియ్యం దాని ఒడిలో సగం, నేల మీద సగం పడింది. ఆ నేల మీది గింజలు ఒక్కటి కూడా పోకుండా నేనే ఏరాను.

ఆ వారంలోనే ఆడపిల్ల పుట్టింది. దాని తలాపున నేనున్నాను. కాయం చప్పగానే ఉంది, అయినా బిడ్డకు పాలు పడ్డాయి. పక్క క్వార్టర్ ఆవిడ ఫోన్ చేసి, "చూశారా వదినగారూ, గసగసాలు పనిచేశాయి" అని సంబరపడింది. పొట్లం ఏమైందో చెప్పి గట్టిగానే తిట్టాను. "అయ్యయ్యో" అని ఆవిడ ఏడవబోతే, మనవరాలి ఏడుపు వినిపించి, ముందు ఇది విను అన్నాను.

ఒడి కట్టిన రైకబట్ట కుట్టించుకోమని బిడ్డ ఇచ్చింది. కొత్త బట్టకు కోత పెట్టడం నాకు ఇష్టం లేక, నాలుగుసార్లు ఉతికి మెత్తబరిచి మనవరాలికి పొత్తిగుడ్డ చేశాను. పసుపు పోయింది గానీ, మూలల్లో ఆ ముడి మడతలు మాత్రం ఎంత ఉతికినా పోలేదు. పిల్ల పడుకున్నప్పుడు దాని చిన్న పిడికిలి ఆ మూలనే పట్టుకుంటుంది.